మూడో ఊపిరి

ఆ వార్డులో ఆమెను అందరూ ‘గడియారం అక్క’ అనేవారు. జేబుకు తలకిందులుగా వేలాడే చిన్న గడియారాన్ని ఆమె పద్దెనిమిదేళ్లుగా మార్చలేదు. నర్సుల ఒత్తిడి తగ్గించేందుకు ఆసుపత్రి ధ్యాన శిక్షణ ఏర్పాటు చేసినప్పుడు మొదటి రోజే, “ఊపిరి పీల్చడం కూడా నేర్పాలా అమ్మా? ఇన్నాళ్లూ మరేం పీల్చాను?” అని అందరినీ నవ్వించింది. శిక్షకురాలు కోరినది ఒక్కటే: ప్రతి మంచం దగ్గరా చేతులు ఆపి, మూడు ఊపిరులు.

ముప్ఫై నాలుగు మంచాలకు ముగ్గురు నర్సులున్న చోట అది అయ్యే పని కాదు. అక్కడ పని సాగే తీరు వేరు. ఇన్సులిన్ ఇచ్చే ముందు రెండో నర్సు వచ్చి రోగి పేరు, మోతాదు సరిచూసి సంతకం చేయాలి. రోజంతటి ఆ సంతకాలన్నీ, మంచాల దగ్గరికి వెళ్లకుండానే, పొద్దున్నే ఒక్క ఊపున పడిపోయేవి. కొత్తగా చేరిన చిన్న నర్సుకు ఈ కిటుకు నేర్పింది గడియారం అక్కే.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం, భోజనాల బండి వార్డులోకి వస్తుండగా, ఆమె ఇన్సులిన్ సిరంజితో ఆరో మంచం దగ్గర నిలబడింది. గుమ్మంలో శిక్షకురాలు కనిపించింది.

“చూస్తోందక్కా, పీల్చు,” అంది చిన్న నర్సు నవ్వాపుకుంటూ.

“పీలుస్తాలేవే. లేకపోతే ఫెయిల్ చేస్తుంది.”

ఒకటి. రెండు. మూడో ఊపిరికి, నిద్రపోతున్న పెద్దావిడ మణికట్టు మీది పట్టీ కంటబడింది. కాగితంలో ఉన్న పేరు కాదది. ఆయాసంగా ఉందని పొద్దున ఈమెను కిటికీ పక్కనున్న ఈ మంచానికి మార్చారు; ఇక్కడుండే చక్కెర జబ్బు మనిషి ఇప్పుడు తొమ్మిదో మంచం మీద ఉంది. కాగితం మీద చిన్న నర్సు పొద్దున్నే పెట్టిన రెండో సంతకం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె సిరంజిని ట్రేలో పెట్టింది.

“ఎవరూ చూడలేదు కదక్కా,” అంది చిన్న నర్సు. “ఇది పైవాళ్లకు రాసిస్తే నా ఉద్యోగం ఉండదు. ఇంకా పర్మనెంటు కూడా కాలేదు.”

“ముందు తొమ్మిది దగ్గరికి పద. ఈసారి చూసి సంతకం చెయ్యి.”

డ్యూటీ దిగాక ఆమె సూపరింటెండెంటు ముందు కాగితం పెట్టింది. జరగబోయి తప్పినదంతా అందులో ఉంది. ‘ముందస్తు సంతకాలు ఈ వార్డులో నేను మొదలుపెట్టినవి. ఆ అమ్మాయికి నేర్పింది నేనే.’

సూపరింటెండెంటు కళ్లజోడు తీసింది. “ఇది పైకి వెళ్తే నీ సర్వీసు మీదికే వస్తుంది. అందుకేనా సంతకం చేయలేదు?”

“కాదండీ. చదివి చేద్దామని ఆగాను.”

గడియారం అక్క కాగితాన్ని తనవైపు తిప్పుకొని, మొదటి వరుస నుంచి చదవసాగింది.