మామిడితొక్కు అడిగిన సిపాయి

గల్ఫ్ యుద్ధం నడిచేటప్పుడు సౌదీల, హఫర్ అల్ బాతిన్‌ల కరెంటు పని చేసేటోన్ని. ఒకనాడు మిలిటరీ క్యాంపు గేటుకాడ పాసు కోసం కూసున్న. పక్కన కూసున్న అమెరికా సిపాయి నాకు నీళ్ల సీసా ఇచ్చిండు. ఊరికెనే తీసుకునుడు సిగ్గనిపించి తల దించుకున్న. ఆయన నా సద్దిడబ్బ చూసి, "మరి నాకేం పెడతవు?" అన్నడు.

ఖుబ్జు రొట్టెల మామిడితొక్కు పెట్టి ఇచ్చిన. కండ్ల నీళ్లు కారంగ మొత్తం తిన్నడు.

ఎందుకడిగినవంటె, గొంతు తగ్గించి చెప్పిండు. ఆయన యూదుడట, వాళ్ల ఊర్ల చిన్నపిల్లల బడిల పంతులట, యుద్ధానికని పిలిస్తె వచ్చిండట.

"శుక్రవారం శుక్రవారం పిల్లలు దానం డబ్బాల పైస వేస్తరు. లేని పిల్లకు ముందుగాల నేనే ఇస్త, ఆ పిల్లా వేస్తది. తీసుకున్నోళ్లు గూడ ఇయ్యాలె, అది మా ధర్మం. అప్పుడు ఎవ్వలూ తల దించుకోరు."

అంతల నా పాసు వచ్చింది. ఆయన పేరు అడగలే.

ఇప్పుడు ఊర్ల ఎవరన్న సాయం కోసం మా ఇంటికొస్తె, ఇచ్చినంక, పోయేముందు జామచెట్టుకు బిందెడు నీళ్లు పోసిపొమ్మంట. మా ఆమె నన్ను పిసినారి అంటది.

ఆ జామకాయలు మా వాడకట్టంత తింటరు.