ఎండిన తలపాగా

డిబేట్‌లో గెలిచిన సర్టిఫికెట్‌కు ఫ్రేమ్ కట్టించడానికి మెదక్ బజారులోని ఆ దుకాణానికి వెళ్లాను. గోడ మీద వరుసగా ఆరు చిన్న బొమ్మలు. తన తాత దాచిన పాత అచ్చుబొమ్మల కాగితం మడతల దగ్గర చిరిగితే, దుకాణం నడిపే చాచా దాన్ని గడులుగా కత్తిరించి, అదే వరుసలో అద్దాలు బిగించాడట. ఒక్క అక్షరం లేదు.

ఎడమ నుంచి చూశాను. తలపాగా చుట్టిన లావుపాటి మనిషి ఏటి ఒడ్డున నిలబడతాడు. బండ మీద కూర్చుంటాడు. హుక్కా ముట్టిస్తాడు. బండ కన్ను తెరుస్తుంది, అది మొసలి. తర్వాత దాని నోట్లోంచి రెండు కాళ్లు. చివరికి నీళ్ల మీద తలపాగా.

నేను నవ్వేసరికి చాచా కుడి చివర వేలు పెట్టాడు. "ఉర్దూ లెక్క గిటు నుంచి చూడాలె బేటా. మొసలికి అరగలే, కక్కేసింది. మనోడు దాని మీదనే హుక్కా తాగి, మస్తుగ ఇంటికి పోయిండు."

ఆయన కొడుకు రోజూ మంజీర మీది లోలెవల్ వంతెన దాటి, పాపన్నపేట వైపు ఊళ్లకు షేర్ ఆటో నడుపుతాడు. "షట్టర్ తెరవంగనే కుడి నుంచి ఒకసారి చూస్త. మనిషి ఇంటికి రావాలె కద," అన్నాడు చాచా.

అక్కడ ఆగి ఉండవలసింది. ఆధారం లేని మాటను ఒప్పుకోకూడదన్న నియమం నాది. "మరి ఒడ్డున నిలబడ్డప్పుడు తలపాగా ఎండే ఉంది కద చాచా? నీళ్లల్ల తేలిందైతే తడిసి, చుట్టలు ఊడిపోవాలె."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఒడ్డు బొమ్మను దగ్గరగా చూశాడు. "గెలిచినవ్ బేటా. ఈ గెలుపుకు గూడ ఫ్రేమ్ కట్టియ్యమంటవా?"

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఫ్రేమ్ కోసం వెళ్తే దుకాణంలో చాచా ఒక్కడే ఉన్నాడు. వంతెన మీద నీళ్లు పారుతున్నాయని దారిలోనే విన్నాను. కొడుకు పొద్దున వెళ్లాడు, ఫోన్ స్విచ్చాఫ్. చాచా మళ్లీ నంబరు నొక్కాడు, చెవికి పెట్టుకున్నాడు, దించాడు. ఆయన చూపు గోడ మీద ఎడమ నుంచి కుడికి కదులుతోంది. కాళ్ల బొమ్మ దగ్గర ఆగింది.

"చాచా, కుడి నుంచి చూడుండ్రి," అన్నాను.

"ఎట్ల చూడాలె?" నా సర్టిఫికెట్‌ను పాత పేపరులో చుట్టి చేతిలో పెట్టాడు. "తలపాగా ఎండే ఉంది కద."