తాలుకాయల కారం

మా చర్చి నుంచి ఒక కుటుంబం ఆఫ్రికాలో సువార్త సేవకు వెళ్లి ఆరేళ్లయింది. ఏటా మిరపకాయలు కల్లాల మీద ఎండే రోజుల్లో మా స్త్రీల సమాజం వాళ్లకు కారం ఆడించి పంపుతుంది. దాంతోపాటు గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు. అక్కడ అన్నం దొరుకుతుంది గానీ అందులోకి మన నోటికి ఎక్కేదేదీ దొరకదట. ఉన్నవాళ్లు సరుకులిస్తారు. కూలికి పోయే మాలాంటి వాళ్లం చేతిపని ఇస్తాం. తొడిమలు తియ్యడం, ఎండబొయ్యడం, జల్లెడ పట్టడం మా వంతు.

వెళ్లిన కుటుంబంలో భార్య నాకు టీచర్ గారు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. వెళ్లకముందు చర్చి వెనక రేకుల షెడ్డులో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేది. నాకప్పుడు నలభై ఎనిమిది. కాయ కోసి వచ్చిన చేతులు మండుతుంటే బలపం పట్టలేకపోయేదాన్ని. ఆమె నా చెయ్యి పట్టుకుని దిద్దించి, మర్చిపోయి ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని నవ్వేది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆమె వెళ్లాక పొట్లాల మీద పేర్లు రాసే పని సమాజం నాకిచ్చింది. ఏడాదంతా ఆ పని కోసం చూసేదాన్ని.

నిరుడు మా సంఘపెద్ద ఒకాయన ఆడించిన కారమే సంచుల్లో పంపాడు. ఆయనకు చాలా పొలం ఉంది, ఇంకా కౌలుకు కూడా చేస్తాడు. ఎర్రగా ఉంది కదా అని ఆ కారం మేం రుచి చూడలేదు. పొట్లాలు కట్టి పంపేశాం. మీ కారం నోట్లో పెట్టుకుంటే మన ఊరు గుర్తొచ్చిందని టీచర్ గారు ఉత్తరం రాసింది. దాన్ని చర్చిలో నిలబడి చదివింది నేనే.

ఈ ఏడు ఆయన ఆడించలేదు. కాయలే రెండు చిన్న గోనెల్లో పాస్టర్ గారి వసారాలో దింపించి, దేవుడి పనికి తన ప్రథమ ఫలమని ఆదివారం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. సోమవారం మేం ఆరుగురం గోనెల మూతులు విప్పాం. తడిసిన గోడ పక్కన నిలబడ్డట్టు వాసన. రంగు పోయి తెల్లబడ్డ కాయను మేం తాలు అంటాం, ఎర్రకాయలోంచి పక్కకు ఏరేస్తాం. ఇవన్నీ తాలే. పైగా వాన తగిలినవి. ఒకటి విరిస్తే లోపల్నుంచి బూడిద రంగు బూజు పొగలా లేచింది. గింజలు నల్లగా ఒకదానికొకటి అంటుకుపోయాయి. అడుగున ఎలక పెంటికలు. ఆ కాయలు నాకు తెలుసు. రెండు వారాల కిందట ఆయన కల్లంలో కూలికి పోయి వాటిని ఏరి పక్కన పోసింది మేమే.

"ఇవి తాలు కదే," అన్నాను పక్కనామెతో.

"నాకు కళ్లు లేవనుకున్నావా వదినా? తొడిమ తియ్యి."

"టీచర్ గారి పిల్లలు తింటారే వీటిని."

"సముద్రం దాటేలోపు పరిశుద్ధమైపోతాయిలే," అంది ఎదురుగా కూర్చున్నామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

లేచి వెళ్లి పాస్టరమ్మ గారికి చెప్పాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది.

"ఎండలో పోస్తే వాసన పోతుందమ్మా. దేవుడికిచ్చిన దాంట్లో మంచీ చెడూ ఎంచకూడదు."

"మీ ఇంట్లోకి వాడతారా అండీ?"

"మా సంగతెందుకు ఇప్పుడు? ఆయన మనసు నొప్పిస్తే రేపు షెడ్డుకు కొత్త రేకులు ఎవరేయిస్తారు?"

ముక్కు మీద కొంగు మాత్రం తియ్యలేదు.

మిల్లులో ఆడిస్తే వెలిసిపోయిన ఇటుకపొడిలా వచ్చింది. మిల్లు అతను మమ్మల్ని అడక్కుండానే ఒక డబ్బా తెచ్చి రంగు చల్లి, నూనె పోసి కలిపాడు. చూస్తుండగానే ఎర్రగా నిగనిగలాడింది. ఎంత బాగుందో అని మావాళ్లు అరచేతుల్లోకి తీసుకుని చూసుకున్నారు. ఆ ఎరుపు నా గోళ్లల్లో ఇరుక్కుని రెండు రోజులు పోలేదు. ఆ చేత్తో అన్నం కలుపుకోబుద్ధి కాక చెంచాతో తిన్నాను.

పొట్లాలు పది అయ్యాయి. పేర్లు రాయమని పెన్ను నా చేతికిచ్చారు. ఎప్పుడూ గుంటూరు కారం అని రాసేదాన్ని. ఈసారి పదింటి మీదా తాలుకాయల కారం అని రాశాను. నాకు భయం వెయ్యలేదు. రాయకపోతే టీచర్ గారు నా గుండ్రటి అక్షరాలు చూసి నమ్మి తన పిల్లలకు పెడుతుందని భయం వేసింది.

ఆదివారం పార్సిల్ పెట్టె బల్ల ముందు పెట్టారు. ప్రార్థన చేసే ముందు పాస్టర్ గారు ఒక్కో పొట్లం ఎత్తి పేరు చదవడం మా దగ్గర అలవాటు. గోంగూర పచ్చడి అన్నారు, కందిపొడి అన్నారు. ఆ తర్వాత తాలు అని, ఆగిపోయారు. వెనక బెంచీల్లో కూలివాళ్లు ఎవరో దగ్గారు. మిగతా మాట ఆయన మింగేసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏందమ్మా, నాలుగక్షరాలు వచ్చేసరికి నెత్తికెక్కిందా?"

"మీ కల్లంలో ఏరింది నేనే కదయ్యా. పేరు తప్పు రాశానేమో చెప్పండి, దిద్దుతా."

ఆయన పాస్టరమ్మ గారి వైపు తిరిగి, "చదువుకున్నోళ్ల చేత రాయించండి," అన్నాడు. ఆ సాయంత్రమే కాగితాలు పీకి కొత్తవి అంటించారు. స్వచ్ఛమైన గుంటూరు కారం అని పాస్టరమ్మ గారే రాసింది. మర్నాడు పార్సిల్ పంపేశారు.

నేను ఫోన్లో టీచర్ గారికి మెసేజ్ పెట్టాను. ఒక్కో అక్షరం వెతుక్కుని రాసేసరికి అరగంట పట్టింది. కారం తినొద్దు, బూజు కాయలు, రంగు కలిపారు అని. జవాబు వెంటనే వచ్చింది.

"బాధపడకు పెద్దమ్మా. నిరుడు వచ్చింది కూడా అలాంటిదే. మేం నోట పెట్టలేదు. పంపినవాళ్లు నొచ్చుకుంటారని అలా ఉత్తరం రాశాను. మా ఇంట్లో పనిచేసే ఆమెకిచ్చేశాను. వీళ్లు ఏదైనా తింటారు."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. మా అమ్మ పని చేసిన ఇళ్లల్లో పాచిపోయిన పప్పు గిన్నెలో వంపుతూ అనేవాళ్లు ఆ మాట. అది మా అమ్మ ఎదురుగానే అనేవాళ్లు. అక్షరాల్లో మాత్రం ఇదే మొదటిసారి చూశాను. నా చెయ్యి పట్టుకుని దిద్దించిన మనిషి రాసింది. సంఘపెద్ద మీద కూడా నాకింత అసహ్యం వెయ్యలేదు, ఆయన ఎలాంటివాడో నాకు ముందే తెలుసు.

"ఆమెకు పిల్లలున్నారా?" అని అడిగాను.

"నలుగురు."

"ఈసారిది వస్తే ఎవరికీ ఇవ్వొద్దు. గొయ్యి తీసి పూడ్చండి. ఫొటో పెట్టండి." టీచర్ గారూ అని మాత్రం రాయలేదు.

నెలన్నరకు ఫొటో వచ్చింది. ఎర్రమట్టిలో గొయ్యి, అందులో పొట్లాలు. పార పట్టుకున్నది టీచర్ గారు కాదు. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి, మోచేతుల దాకా మట్టి. కింద, "పూడ్చేశాం పెద్దమ్మా," అని ఉంది.

ఫొటో పెద్దది చేసి పొట్లాలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే ఉన్నాయి.

"మిగతా రెండు ఏవి?"

"అడుగున పడి ఉంటాయిలే."

"తవ్వి చూడండి," అని రాశాను. పంపాక, చాలదనిపించి ఇంకొకటి రాశాను. "ఆమె చేత తవ్వించొద్దు. మీరే తవ్వండి."