ముస్తాబు మైలు దగ్గర జరగని ఆర్డిస్

ఊరు ఇంకో మైలు ఉందనగా బళ్ల బారు ఆగేది. కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా ఖండాన్ని నిలువునా దాటుదామని బయలుదేరిన నలభై ఒక్క అమెరికన్ కుటుంబాలు, వాళ్ల బళ్ల వెనక నలభై ఒక్క వెండి రంగు ట్రైలర్ ఇళ్లు. ఆగగానే మగవాళ్లు దిగి బండి అద్దాల్లో చూసుకుంటూ గడ్డాలు గీసుకునేవారు. ఆడవాళ్లు టోపీలు బయటికి తీసి తలకు పెట్టుకునేవారు. స్టీరింగ్ దగ్గర ఆడమనిషి ఉంటే పక్క సీట్లోకి జరగాలి, మొగుడొచ్చి ఆ చోట కూర్చోవాలి. ఆ తరవాత హారన్లు మోగించుకుంటూ ఊళ్లోకి ఊరేగింపు, ఫొటోలు. ఈ భాగోతానికి ముస్తాబు మైలని ముద్దుపేరు ఒకటి.

ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ అలా ఎనిమిది ఊళ్ల దగ్గర పక్క సీట్లోకి జరిగింది. నెబ్రాస్కాలో పంతొమ్మిదేళ్లు బడి బస్సు నడిపిన మనిషి ఆవిడ. మంచు గడ్డకట్టిన రోడ్ల మీద కూడా ఏ పిల్లకీ చిన్న గీత పడనివ్వలేదు. భర్త హార్లన్ మంగలి. కత్తెర పడితే ఆయనకు తిరుగులేదు గానీ, స్టీరింగ్ పడితే పావుగంటలో నడుం పట్టేసేది. కేప్‌టౌన్ నుంచి నైరోబీ దాకా నాలుగు వేల మైళ్లు నడిపింది ఆర్డిస్. పత్రికల్లో పడ్డ ఎనిమిది ఫొటోల్లోనూ స్టీరింగ్ పట్టుకుని నవ్వుతున్నది హార్లన్. ఈ సంగతి బారులో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ కిక్కురుమనలేదు, ఆర్డిస్‌తో సహా.

నైరోబీలో హార్లన్‌కు గుండెనొప్పి వచ్చింది. ప్రాణభయం లేదు గానీ రోడ్డు ప్రయాణం కొన్నాళ్లు కూడదన్నారు డాక్టర్లు. బారు అడిస్ అబాబా చేరేసరికి అక్కడ కలుసుకునేలా ఆయన్ని విమానం ఎక్కించారు. "మన ఇంటిని జాగ్రత్తగా తీసుకురా ఆర్డిస్," అన్నాడు వెళ్తూ. నెబ్రాస్కాలో ఉన్న ఇల్లు అమ్మేసి కొన్న ట్రైలర్ అది. వాళ్లకు ఇంకో గూడు లేదు.

"ఆడకూతురు ఒంటరిగా ఆ ఉత్తరపు దారిలోనా? రూలు ఒప్పుకోదమ్మా," అన్నాడు బారు పెద్ద వెండెల్. ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. "ఇంటిని ఓడకెక్కించి పంపేయండి. లేదంటే డెల్బర్ట్ నడుపుతాడు, మీరు పక్కన కూర్చుని మ్యాపు చూడండి."

"ఇన్నాళ్లూ నడిపింది ఎవరనుకుంటున్నారు కెప్టెన్?"

"అది వేరు. అప్పుడు మీ ఆయన పక్కన ఉన్నాడుగా."

పక్కన ఉన్నాడట! గురక పెడుతూ ఉన్నాడు. పక్క సీట్లో నిద్రపోయే మగవాడు బండినెలా నడిపిస్తాడో ఆ రూలు రాసిన మహానుభావుడే చెప్పాలి. ఆర్డిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఇంటిని ఓడకప్పగించే ధైర్యం లేక పళ్లు బిగించి ఒప్పుకుంది.

డెల్బర్ట్ బీమా ఏజెంటుగా పనిచేసి మానేసినవాడు, తమ్ముడి బండిలో వచ్చాడు. ముందుకు బాగానే నడిపేవాడు. ఇథియోపియా సరిహద్దు దాటిన నాలుగో రోజు వానకు నానిన ఎర్రమట్టి ఎత్తు మీద వాళ్ల ముందున్న బండి జారి నిలిచిపోయింది. దాంతో డెల్బర్ట్ బండిని వెనక్కి తియ్యాల్సి వచ్చింది. ట్రైలర్‌ను వెనక్కి తియ్యడంలో ఒక తిరకాసుంది. ఇల్లు ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. దారికి కుడివైపున పెద్ద లోయ.

"కుడికి డెల్బర్ట్, కుడికి!"

"నాకు తెలుసమ్మా, మీరు కంగారు పడకండి," అని నవ్వి ఎడమకు తిప్పాడు.

బండీ ఇల్లూ మోచెయ్యిలా మడతపడ్డాయి. ఇంటి ముందువైపు కిటికీ అద్దం భళ్లుమంది. ఇంటి కుడి చక్రం గట్టు దాటి గాల్లో తిరుగుతోంది. కెప్టెన్ వచ్చి చూసి, తల గోక్కుని, "ఇల్లు విప్పేసి వదిలేద్దాం, ఇంకేం చేస్తాం," అన్నాడు. ఎవరి ఇల్లని!

అక్కడ రోడ్డు పని చేసే కూలీలు ఇరవైమంది తాళ్లు పట్టుకొచ్చారు. వాళ్ల మేస్త్రీ గుయో. ఆయన మగవాళ్ల గుంపును దాటుకుని ఆర్డిస్ దగ్గరికే వచ్చాడు. స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు ఆడించి, ఆవిడకేసి వేలు చూపించాడు. కుడికి కుడికి అని అరిచింది ఎవరో ఆయన చూశాడు మరి.

"దిగండి డెల్బర్ట్," అంది ఆర్డిస్.

"కెప్టెన్ ఏమంటారో..."

"దిగమన్నాను. ఇది నా ఇల్లు."

తాళ్లు పట్టి వాళ్లు లాగుతుంటే, అంగుళం అంగుళంగా ఇంటిని దారికి తెచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంకో ముగ్గురి ఇళ్లు కూడా ఆవిడే వెనక్కి తీసిపెట్టింది. ఆ తరవాత వారం రోజులు స్టీరింగ్ దగ్గర ఆవిడ ఉంటే ఏ రూలుకీ నోరు లేవలేదు.

అడిస్ అబాబా మైలు దూరంలో ఉందనగా బారు ఆగింది. గడ్డం గీసుకుని, సెంటు పూసుకుని, తగుదునమ్మా అంటూ డెల్బర్ట్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఊరి పెద్దలొచ్చారు, పత్రికలవాళ్లున్నారు," అన్నాడు కెప్టెన్. "ఈ ఒక్క మైలూ జరగండమ్మా."

"జరగను."

"అయితే మీ ఇరవై ఏడో నెంబరు బండి ఇక బారులో ఉండదు. పెట్రోలు లారీ, మెకానిక్కులు, సరిహద్దు కాగితాలు, అన్నీ బారువే. కైరో దాకా ఒక్కరే ఎలా వెళ్తారో ఆలోచించుకోండి."

ఆర్డిస్ ఆలోచించింది. కోపం కెప్టెన్ మీద మాత్రమే కాదని అప్పుడు తెలిసింది. ఎనిమిదిసార్లూ ఆవిణ్ణి ఎవరూ తొయ్యలేదు, తనంతట తానే జరిగింది. ఆ సిగ్గుతో చెవులు మండిపోయాయి. స్క్రూడ్రైవర్ తీసుకుని దిగింది. ఇంటికి బిగించిన నెంబరు రేకు నాలుగు మరలూ విప్పి కెప్టెన్ చేతిలో పెట్టింది.

"తీసుకోండి. ఫొటోకి దీన్ని కూర్చోబెట్టుకోండి."

బారు పక్కనుంచి బండిని దాటించి, పగిలిన కిటికీకి గోనెపట్టా కట్టిన ఇంటితో, ఒంటి నిండా బురదతో అందరికన్నా ముందు ఊళ్లోకి వెళ్లింది. ఊరి మొదట్లో కొత్త చొక్కా వేసుకుని నున్నగా గడ్డం గీసుకున్న హార్లన్ ఎదురుచూస్తున్నాడు. ఆయన వెనక కెమెరాలవాళ్లు.

"నెంబరేది ఆర్డిస్?"

"కెప్టెన్‌కిచ్చేశాను. ఇక బారుతో వెళ్లం."

హార్లన్ నోరు తెరుచుకుని ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి కెమెరాల్ని చూశాడు. చూస్తూనే, అలవాటు చొప్పున, ఆవిడవైపు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"కాస్త జరుగు," అన్నాడు.

"అటువైపు తలుపు కూడా తెరుచుకుంటుంది హార్లన్."

ఆయన చెయ్యి చాలాసేపు పిడి మీదే ఉంది. ఆర్డిస్ కదల్లేదు. చివరికి బురద పట్టిన బానెట్టును ఆసరాగా పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగి, అందరూ చూస్తుండగా పక్క సీట్లోకి ఎక్కాడు.

"నడుం వెనక దిండు పెట్టుకో," అంది ఆర్డిస్ గేరు వేస్తూ. "కైరో ఇంకా చాలా దూరం."