అడగకముందే వండిన నేరేడు

ఇవాళ పొద్దున్న కోడలు వంటింట్లో నేరేడు పళ్ళు చక్కెర వేసి ఉడికిస్తోంది. ఆ వాసన వసారాలో కూర్చున్న నా ముక్కుకు తగలగానే కొంగు అడ్డం పెట్టుకున్నాను. నేరేడంటే నాకు అసహ్యమేమీ లేదు. ఉప్పూ కారం చల్లి ముంతలో కుదిపి పెడితే ఈ వయసులో కూడా నాలుక నీలంగా మారేదాకా తింటాను. చక్కెరతో కలిసి మరుగుతున్న ఆ వాసన మాత్రం నాకు పడదు. ఎవరికోసమే ఇదంతా అని అడిగాను. "కంపెనీ ఆఫీసర్ కోసం అత్తా. మన చెరకు పొలం లీజు కాగితం మీద సంతకం ఆయనే కదా చెయ్యాల. జామూన్ జామ్ అంటే ఆయన మేమ్‌సాబ్‌కి బహుత్ ఇష్టం అంట," అంది. మా కోడలి మాట తెలుగులో మొదలై హిందీలో తేలుతుంది. ఈ దీవిలో, మా బులిలేకా ఊళ్ళో ఇప్పటి పిల్లలందరిదీ అదే వరస. నా మనసు అప్పటికే పైడమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

పైడమ్మను ఆ రోజుల్లో చూసినవాళ్ళలో ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. గిరిమిట్టు రోజులవి. అంటే ఐదేళ్ళు కూలి చేస్తామని వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చిన రోజులు. లంబాసా దగ్గర మా ఎస్టేటులో కులంబరు బంగళాకు ఆవిడ వంటమనిషి. కులంబరంటే కూలీల మీద పెత్తనం చేసే తెల్లదొర. నా మొగుడు చెరకు నరికే గ్యాంగులో ఉండేవాడు. నన్ను బంగళాలో గిన్నెలు తోమడానికి వేశారు కాబట్టి పగలంతా ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేదాన్ని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ చేత తిట్లు తినకుండా నేను ఒక్క గిన్నె కూడా బోర్లించి ఎరగను. "ఏటే ఆ తోముడు? గిన్నెకి నొప్పెడతాదని బయమా?" అనేది. తిట్టిన నోటితోనే సాయంత్రం పిలిచి, మిగిలిన అన్నం నా కొంగున కట్టి కూలీలుండే లైను గదులకు పంపేది. నూనె కాగిందని చప్పుడు విని చెప్పడం, దొర కోపంగా ఉన్నాడని బూట్ల చప్పుడు విని చెప్పడం, రెండూ నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆవిడకు ఒక్కతే కూతురు, సింహాచలం. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. తల్లీకూతుళ్ళమని చెబితే ఒకరినే తీసుకుని ఇంకొకరిని వెనక్కి పంపేస్తారని, మద్రాసు డిపోలో కూలీలను పోగుచేసే మేస్త్రీ నూరిపోశాడు. వీళ్ళు నమ్మారు. ఒకరికొకరు ఏమీ కామని రాయించుకున్నారు. ఓడ దిగాక మనుషులను ఎస్టేట్లకు పంచేటప్పుడు దొరలకు ఆ అబద్ధమే పనికొచ్చింది. తల్లిని మా ఎస్టేటులో దింపి పిల్లను వాయినికోరో ఎస్టేటుకు పంపారు. అది నా కూతురని ఈవిడ నేల మీద పడి మొత్తుకుంటే, మరి అక్కడ కాదన్నావుగా అని నవ్వారట. వాయినికోరో మరీ దూరమేమీ కాదు, తెల్లారకముందే బయలుదేరితే పొద్దుగూకేసరికి నడిచి చేరుకోవచ్చు. కాని పాసు లేకుండా ఎస్టేటు దాటితే కోర్టుకు ఈడుస్తారు. ఆ పాసు ఇవ్వాల్సింది దొర.

దొరసానిది ఎక్కడో చలి దేశం. అక్కడ కొండల మీద పొదల్లో నీలం రంగు చిన్న పళ్ళు కాస్తాయట. వాళ్ళమ్మ వాటిని చక్కెరలో వండి, సీసాల్లో పోసి ఏడాదంతా దాచేదట. నేరేళ్ళ కాలంలో ఒకరోజు వరండాలో కూర్చుని, వచ్చీరాని హిందీలో ఆ సంగతి చెబుతూ దొరసాని కళ్ళు తుడుచుకుంది. పైడమ్మ అంతా విని వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఒసే, ఆళ్ళమ్మ మీద బెంగెట్టుకుందే. అమ్మా బిడ్డా అంటే ఏటో దానికి తెలుసు. నా మాట ఇంటాది," అంది. ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. మర్నాడే బుట్టలు పట్టుకుని వాగు ఒడ్డున ఉన్న నేరేడు చెట్ల దగ్గరికి వెళ్ళాం.

ఆ పని ఇప్పటికీ నా చేతులకు గుర్తుంది. ఎర్రచాయ ఉన్న కాయ ఒక్కటి కలిసినా వగరు వదలదని, బాగా నల్లబడ్డవే ఏరించింది. ఇనప మూకుడు తాకనివ్వలేదు. తుప్పు కంపు కొడుతుందని పింగాణీ గిన్నెలోనే ఉడికించింది. తోలు పగిలాక చల్లార్చి, చేత్తో పిసికి గింజలు తీసి, గుజ్జును పలచటి గుడ్డలో వడగట్టింది. దానికి సమానంగా మిల్లు చక్కెర వేసి, ఇక్కడివాళ్ళు మోలి అనే నిమ్మకాయ పిండింది. పళ్ళెంలో వేసిన చుక్క జారకుండా నిలబడేదాకా గరిటె ఆపకూడదు. చిట్లిన చుక్కలు పడి నా చేతులు బొబ్బలెక్కాయి. సీసాలు నీళ్ళలో మరగబెట్టి, ఎండలో ఆరబెట్టి, వేడివేడిగా గుజ్జు పోసి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోసింది. "గాలి సొరబడకపోతే మళ్ళీ కాపుదాకా దీనికేటీ అవ్వదు," అంటూ మూతికి గుడ్డ బిగించి కట్టింది.

దొరసాని రొట్టె మీద రాసుకుని ఒక ముక్క తింది. ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. అప్పుడు పైడమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని కూతురి సంగతంతా చెప్పుకుంది. "దొరతో మాట్లాడతాను. పిల్లను ఇక్కడికి పిలిపిస్తాను," అంది దొరసాని. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఆ ఏడు వండింది, మరుసటి ఏడు వండింది, ఆ తర్వాతి ఏడూ వండింది. వండిన ప్రతిసారీ అడిగింది. "వచ్చే ఏడు పైడమ్మా, ఇప్పుడు దొరకు తీరిక లేదు," అనేది దొరసాని, సీసాలు అలమారలో సర్దుకుంటూ.

క్రిస్మస్ పండుగకు దొరసాని చుట్టుపక్కల బంగళాలకు సీసాలు కానుకగా పంపేది. వాయినికోరో బంగళాకూ గుర్రం మీద వెళ్ళేవి. తల్లికి దొరకని పాసు ఆ సీసాలకు దొరికింది. వాటికి మాత్రం పైడమ్మ తన పాత చీర ఎర్ర అంచు చింపి మూతిగుడ్డ కట్టేది. "నా సిమ్మాచలం ఈ అంచు సూసిందంటే ఆనమాలు కట్టేత్తాది. సిన్నప్పుడు ఈ కొంగు నవులుతానే నిద్దరపోయేది," అనేది. చెరకులో పనిచేసే పిల్ల బంగళా వంటింట్లోని సీసాను ఎలా చూస్తుందప్పా అని నా నోటిదాకా వచ్చేది. ఆవిడ ఆ ముడి వేసే తీరు చూశాక అడగబుద్ధి అయ్యేది కాదు.

గిరిమిట్టు తీరిపోయి, ఎవరినీ పాసు అడగక్కర్లేని రోజు వచ్చింది. నాదీ అప్పుడే తీరింది కాబట్టి తోడు వెళ్ళాను. కూతురికి ఇష్టమని ముంతనిండా పళ్ళకు ఉప్పూ కారం పట్టించి, ఆవిడే మోసుకుంటూ దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే నడిచింది. వాయినికోరో లైన్లో తెలుగు మాట్లాడే ముసలాయన ఒకడు ఎదురయ్యాడు.

"సిమ్మాచలమా? నువ్వెవులివమ్మా?" అన్నాడు.

"దాని అమ్మని."

ఆయన మమ్మల్ని గుమ్మంలో కూర్చోబెట్టాడు. "మూడో ఏడు నడత్తంది తల్లీ అది పోయి. నెత్తురు ఇరోచనాలు అట్టుకున్నాయి. లంబాసా బంగళాలో మాయమ్మ వంట సేత్తాదని అది సెప్తే, మా దొర సేత కబురంపించినాం. మీ బంగళాకి అందిందన్నారు. నీకు సెప్పలేదా?" అన్నాడు.

తిరిగి వస్తూ అక్కడి బంగళా వంటింటి గుమ్మంలో మంచినీళ్ళు అడిగాం. మేకుకు వేలాడుతున్న మసిగుడ్డల్లో ఎర్ర అంచు ముక్కలు కనిపించాయి. పైడమ్మ వాటిని చూసింది. నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నడవడం మొదలుపెట్టింది.

మర్నాడు మా బంగళాకు వెళ్ళి అడిగితే దొరసాని బుకాయించలేదు. "అవును, తెలుసు. చెబితే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. చేతికి పని ఉంటే మనసు కుదుటగా ఉంటుందనుకున్నాను," అంది. అంటూనే ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు, అందుకే నాకు ఒళ్ళు మండింది. తన తల్లిని తలుచుకుని ఏడ్చే మనిషి, ఇంకొక తల్లి చేత చచ్చిపోయిన కూతురి ఆశ చూపించి వండించుకుని, రొట్టె మీద రాసుకుని తింది. నేను ఆమెను ఇవాళ్టికీ క్షమించలేదు, ఇకముందు క్షమించే ఉద్దేశం కూడా లేదు. పైడమ్మ మాత్రం తిట్టలేదు. "పోయినేడు కూడా వచ్చే ఏడన్నావు కదమ్మా," అంది.

ఆ తర్వాత ఆవిడ కన్నుమూసేదాకా బులిలేకాలో మా దగ్గరే ఉంది. నా పిల్లలకు వంట నేర్పింది, మాట నేర్పింది, నన్ను తిట్టడం మానలేదు. ఏటా నేరేళ్ళు తెచ్చేది. ఉప్పులో ఊరవేసి జాడీకి ఎత్తేది, గింజలు ఎండబెట్టి పొడి కొట్టేది. చక్కెర డబ్బా మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు. ఒకసారి నేను ఉండబట్టలేక ఆ సంగతి ఎత్తితే, "ముందు అడిగి ఆనక వండాల్సింది. నాను వండి అడిగినాను. ఆ రుసి తగిలినాక ఆళ్ళకి నా సెయ్యి కావాల గాని, నా బిడ్డెందుకే?" అంది. అని గింజలు చేటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది.

ఇవాళ కోడలి గిన్నె పొయ్యి దిగి గుజ్జు సీసాలోకి చేరేలోగా ఇదంతా దానికి చెప్పాను. ఇన్నేళ్ళలో చెప్పడం ఇదే మొదలు. అది సీసా మూతికి గుడ్డ కడుతూ ఆగిపోయింది.

"సీసా ఇంట్లో ఉంచు. వట్టి చేతులతో వెళ్ళి లీజు సంగతి అడుగు," అన్నాను.

"ఖాళీ హాథ్ వెళ్తే ఆయన నై అంటే ఎట్లా అత్తా?"

"కాదంటే, కాదన్నాడని ఈ పూటే తెలుస్తుంది. పైడమ్మకు ఆ పాటి కూడా తెలియనివ్వలేదు."

కోడలు సీసాను అలమారలో పెట్టి, నీలం మరకలు పోయేదాకా చేతులు రుద్ది కడుక్కుని, ఆఫీసు దారి పట్టింది.