మా అమ్మ సెలవు తీసుకోవడం

మా అమ్మ లవర్న్ ఎవరింటికి వెళ్ళినా కూర్చోవడానికి వెళ్ళదు, సెలవు తీసుకోవడానికి వెళుతుంది. కాఫీ సగం తాగగానే రెండు చేతులతో మోకాళ్ళ మీద చరిచి "సరే మరి" అంటుంది. మా అయోవా రాష్ట్రంలో ఆ మాటకి ఇక లేస్తున్నామని అర్థం. ఇక్కడ అందరూ ఆ మాటే అంటారు, అందరూ గుమ్మంలో కాసేపు నిలబడతారు. మా అమ్మ మాత్రం ఆ గుమ్మంలోనే కాపురం పెడుతుంది.

లేచి నిలబడి కాసేపు మాట్లాడుతుంది. కోటుకి ఒక చెయ్యి తొడుక్కుని కాసేపు. రెండో చెయ్యి తొడుక్కోబోతూ ఉండగా ఎవరి మోకాలి ఆపరేషనో గుర్తొస్తుంది. తర్వాత గుమ్మం, మెట్లు, ట్రక్కు పక్కన. చివరికి ట్రక్కెక్కి తలుపు వేసుకుని, అద్దం దించి మళ్ళీ మొదలు.

మా నాన్న మిల్టన్ అప్పటికే ఇంజను ఆన్ చేసి స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తూ ఉంటాడు. ఆయనకి కాలు ఒకచోట నిలవదు. నేనూ తమ్ముడు కర్టూ ఆ వెనక సీట్లోనే పెరిగి పెద్దవాళ్ళమయ్యాం. ఓ పెళ్ళిలో అమ్మ సెలవు తీసుకుంటూ ఉండగానే కొత్త దంపతులు హనీమూన్‌కి వెళ్ళి తిరిగొచ్చేశారని నాన్న చెబుతాడు. జన్మలో ఆయన చెప్పిన జోకు అదొక్కటే.

ఒకసారి కర్ట్ ఉపాయం పన్నాడు. కోటు దగ్గర ఆలస్యం తప్పుతుందని, ముందుగానే దాన్ని తెచ్చి ట్రక్కులో పడేశాడు. కోటు కనబడటం లేదని అమ్మ ఆ ఇంట్లో గదిగదీ వెతికింది. వెతకడానికి సాయం వచ్చిన వాళ్ళతో మరో కప్పు కాఫీ కూడా తాగింది.

నిరుడు సోయా కోతల్లో అసలు సంగతి జరిగింది. మర్నాడు వాన అని రేడియోలో చెప్పారు. కోత మిషను పొలంలోనే నిలిచి ఉంది. నాన్న ప్రాణమంతా అక్కడే ఉంది. అయినా అమ్మ, పక్క పొలం ఓర్విన్‌కి యాపిల్ కేకు ఇచ్చి వచ్చేద్దామంది. ఓర్విన్ భార్య ఆర్డిత్ ఆ వసంతంలోనే పోయింది. ఒక్కడే ఉంటున్నాడు. అమ్మానాన్నలతో నేనూ వెళ్ళాను.

ఎలా ఉన్నావని అమ్మ అడిగితే ఫరవాలేదన్నాడు. తింటున్నావా అంటే ఫరవాలేదన్నాడు. కాఫీ, వాన, మొక్కజొన్న ధర అయ్యాయి. అమ్మ "సరే మరి" అంది. తర్వాత అన్ని మజిలీలూ పద్ధతి ప్రకారమే జరిగాయి. చివరికి ట్రక్కు కదిలింది కూడా. ఓర్విన్ అద్దం అంచు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. నాన్న పళ్ళు నూరుతున్నాడు. అమ్మ తీరిగ్గా మబ్బుల్ని చూస్తోంది.

"పొద్దున్నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంది లవర్న్," అన్నాడు ఓర్విన్ నేల వైపు చూస్తూ. "గుండెల్లో కూడా ఏదో పట్టేసినట్టుంది. పెద్దగా ఏం లేదులే."

"ట్రక్కాపు మిల్టన్," అంది అమ్మ. "ఓర్విన్, ఎక్కు."

అంబులెన్సు పక్క కౌంటీ నుంచి రావాలి. అందుకని నాన్నే తోలాడు. ఆయన అంత వేగంగా తోలడం నేనెప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో ఎలా ఉందని నర్సు అడిగితే, ఓర్విన్ ఫరవాలేదనే అన్నాడు. అమ్మ అతన్ని పక్కకి జరిపి అసలు సంగతి చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

ఇంటికొస్తుంటే వాన మొదలైంది. తడుస్తున్న సోయా వైపు నాన్న చూడను కూడా లేదు. అతనికి బాగాలేదని నీకెలా తెలిసిందని అమ్మని అడిగాడు.

"నాకేం తెలీదు," అంది అమ్మ. "మనవాళ్ళు కుర్చీలో కూర్చున్నంతసేపూ వాన సంగతే చెబుతారు. వీళ్ళు వెళ్ళిపోతున్నారు అనుకున్నప్పుడే నోరు విప్పుతారు. కాస్త టైమివ్వాలి కదా."

వెనక సీట్లో ఉన్న నాకు మా అమ్మ చెప్పలేనంత ముద్దొచ్చింది.

ఆ వారంలోనే ఓర్విన్‌ని చూడ్డానికి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. మంచం మీద కూర్చుని జెల్లీ తింటున్నాడు. ఫరవాలేదట. అమ్మ మోకాళ్ళు చరిచి లేచింది. నాన్న తాళాలు ఆడిస్తూ వరండాలోకి వెళ్ళిపోయాడు. అమ్మ కోటు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

ఓర్విన్ చెంచా కింద పెట్టాడు.

"ఆర్డిత్ పోయినప్పట్నుంచి బట్టలు బకెట్లో ఉతుక్కుంటున్నా లవర్న్. ఆ వాషింగ్ మిషన్లో ఏ బటన్ నొక్కాలో నాకు తెలీదు."

అమ్మ వెనక్కి తిరిగేలోపే నాన్న లోపలికొచ్చాడు. టోపీ తీసి, కుర్చీ లాక్కుని ఓర్విన్ పక్కన కూలబడ్డాడు.

"నాకూ తెలీదు," అన్నాడు. "కోటు విప్పు లవర్న్. ఇద్దరికీ కలిపి చెప్పు."