ఖాళీ గదుల ఫోటోలావిడ

నాకు ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. బస్సులో పక్కనున్నవాళ్ళు నవ్వితే సంచీ ఒళ్ళోకి లాక్కునే మనిషిని. అలాంటిదాన్ని, మా ఇంట్లోనే జరిగిన మేనకోడలి రిజిస్టర్ పెళ్ళికి వచ్చిన ఫోటోలావిడను ఎలా నమ్మను?

వచ్చింది మొగుడూ పెళ్ళాం ఇద్దరూ. ఆయన మనుషులకు ఫోటోలు తీస్తున్నాడు, బాగానే ఉంది. ఆవిడేమో వీధి గుమ్మానికి ఫోటో, మెట్లకు ఫోటో, చివరికి నగలున్న బీరువాకు కూడా ఫోటో!

“ఏమ్మా, పెళ్ళికూతురు అక్కడుంటే బీరువాతో నీకేం పని?” అని అడిగేశాను.

“ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదండీ. ఆల్బమ్ తెరవగానే ముందు చోటు తెలియాలి. మనుషులు తర్వాత,” అంది నిదానంగా.

నిదానంగా మాట్లాడేవాళ్ళంటే నాకు మరీ అనుమానం. తమ్ముడితో చెబితే, “అక్కా, నీకు నీ నీడ మీద కూడా నమ్మకం లేదు,” అని నవ్వాడు. వాడికేం, నగలు నా పూచీ. ఆవిడ ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి నేనూ వెళ్ళాను.

వాడి కూతురికి నాలుగో ఏట తల్లి పోయింది. జడలు వేసింది నేను, జ్వరాలకు పక్కన కూర్చుంది నేను. పెళ్ళికి ముందురోజు నా చెయ్యి పట్టుకుని, “అత్తా, సంతకం పెట్టేటప్పుడు నువ్వు నా పక్కనే ఉండాలి,” అంది.

“ఎక్కడికి పోతానే పిచ్చిదానా,” అన్నాను.

మర్నాడు కింద హాల్లో అందరూ చేరారు. పెళ్ళి అధికారి పుస్తకం తెరుస్తుండగా, ఫోటోలావిడ చప్పుడు కాకుండా మెట్లెక్కడం నా కంట పడింది. అందరూ కిందుంటే పైన ఏం పని? రెండు నిమిషాల్లో వచ్చేద్దామని వెనకాలే వెళ్ళాను.

పెళ్ళికూతురు ముస్తాబైన గదిలో ఉందావిడ. బీరువా వంక చూడనే లేదు. మంచం మీద పిల్ల విడిచిన ఇంటి బట్టలు, అద్దం ముందు దువ్వెన, దానికి చిక్కుకున్న వెంట్రుకలు. కిటికీ వెలుగు వాటి మీదికి వచ్చేదాకా ఆవిడ కదలదు. ఆవిడ కదిలేదాకా నేనూ కదలను.

కింద చప్పట్లు మోగాయి. సంతకాలు అయిపోయాయి.

“అయ్యో, మీరు కింద లేరా అండీ?” అంది ఆవిడ వెనక్కి తిరిగి.

నెల తర్వాత ఆల్బమ్ వచ్చింది. గదుల ఫోటోల్లో ఏదో ఒక మూల నేను కనబడుతూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. సంతకం ఫోటోలో మాత్రం లేను. అందులో నా పిల్ల కలం పట్టుకుని, కాగితం వంక కాకుండా, మెట్లవైపు చూస్తోంది.